వంతపాట విద్య

బుర్రకథ చూడ్డానికి కూర్చున్నవాళ్ల చూపంతా తంబుర మీటుతూ, బొటనవేలి అందె మోగిస్తూ చిందేసే కథకుడి మీదే ఉంటుంది. అటూ ఇటూ గుమ్మెటలు వాయించే వంతలు ఇద్దరూ అతనికి తోడు మాత్రమే అనిపిస్తారు. కానీ ఉత్తరాంధ్ర పాట సంప్రదాయాలను వరసగా పరిశీలిస్తే అసలు పనితనం వంతలోనే ఉందని ఒప్పుకోవాలి. కథకుడి మాట పదిమంది మాటగా మారేది అక్కడే. ఎదుట కూర్చున్నవాళ్లు ఏ క్షణాన, ఎంత సులువుగా పాటలోకి రావచ్చో తేల్చేది కూడా వంతే.

విశాఖ తీరంలో అలివి వల లాగే పాట దీనికి మూలరూపం. ఒక గొంతు అందుకుంటుంది, తాడు పట్టిన చేతులన్నీ ‘హైలెస్సా’ అని బదులిస్తాయి. ఆ బదులు మీదే లాగుడు పడుతుంది. ‘హైలెస్సా’కు అర్థమేమిటని ఎవరూ అడగరు. అందరి బలం ఒకే క్షణంలో తాడు మీద పడటమే దాని అర్థం. తప్పెటగుళ్లలో రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెట వాయిస్తూ, కాలి గజ్జెలతో తాళం వేస్తూ గురువు పాడిన చరణాన్ని దళమంతా తిరిగి పాడుతుంది. ఆ తిరిగి పాడే వ్యవధిలోనే గురువుకు ఊపిరి అందుతుంది, అడుగు మారుతుంది, కథ వినేవాళ్ల మనసులో కుదురుకుంటుంది. జముకుల కథలో వంతకు మరో గొంతు కూడా కలుస్తుంది. చంకలో ఇరికించుకున్న జముకు తీగను బిగిస్తే స్వరం పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. మనిషి మూలిగినట్టు, నిలదీసినట్టు పలికే ఆ వాద్యం గ్రామదేవతల కథల్లో తానూ ఒక వంతగా నిలుస్తుంది. హరికథలో సైతం దాసుగారు హరినామం ఎత్తుకుంటే సభ ‘గోవింద’ అని అందుకోవాలి. ఆదిభట్ల నారాయణదాసు వంటి మహాపండితుడి కథకైనా ఆ పిలుపూ పలుకూ తప్పవు.

ఈ విద్యను కార్ఖానా ఊరికి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం పక్క పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పనిచేసి, 1972లో గద్దర్‌ తదితరులతో కలిసి జననాట్యమండలికి ప్రాణం పోసిన మనిషి. యంత్రం ఎలా నడుస్తోందని ప్రశ్న వేసి మొదలుపెట్టే ఆయన పాట విన్నవాళ్లు తమ చేతుల్ని తామే చూసుకుంటారు. ఆ ప్రశ్నకు జవాబు కార్మికుడికి ముందే తెలుసు. పాట ఆ జవాబును బయటికి రప్పిస్తుంది, అంతే. 1966 ఉక్కు ఉద్యమ నినాదమూ ఈ పద్ధతిలో కట్టిందే. ‘విశాఖ ఉక్కు’ అని ఒకరు అంటే ‘ఆంధ్రుల హక్కు’ అని జనం అందుకోవాలి. రెండు ముక్కలూ దాదాపు ఒకే తూకం, చివర ప్రాస. మొదటిసారి విన్నవాడు కూడా రెండోసారికి సిద్ధంగా ఉంటాడు. రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలర్పించిన ఉద్యమం అది. 2021లో ఆ ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చినప్పుడు ఆ నినాదాన్ని ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేకపోయింది.

దీనికి గట్టి ఆక్షేపణ మన నుడికారంలోనే ఉంది. తానా అంటే తందానా అనడం సొంత బుద్ధి లేనితనమని తెలుగువాడి అభిప్రాయం. గుంపులో గొంతు కలిపినవాడు ఆలోచించడం మానేస్తాడన్న భయం ఉత్తుత్తిది కాదు. మూకను రెచ్చగొట్టేవాళ్లకూ ఇదే పనిముట్టు. అయితే బుర్రకథ ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టింది. వంతల్లో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు నాటి రాజకీయం ఎత్తుతారు. కథకుణ్ని మధ్యలో ఆపి ‘అదెలా?’ అని అడిగే హక్కు వాళ్లది. సభలోని అనుమానానికి వేదిక మీదే చోటుంటుంది. షేక్‌ నాజర్‌ పలనాటి యుద్ధం చెప్పినా, అల్లూరి సీతారామరాజు కథ చెప్పినా, ఈ అడ్డుపుల్లలే కథను భజన కాకుండా కాపాడాయి.

మళ్లీ మళ్లీ అదే పల్లవి వస్తే సంగీతం పలచబడదా అని ఇంకో మాట. అమెరికన్‌ సంగీత పరిశోధకుడు థామస్‌ ట్యూరినో 2008లో ప్రచురించిన పుస్తకంలో పాల్గొనే సంగీతాన్నీ, ప్రదర్శించే సంగీతాన్నీ వేర్వేరు కళలుగా చూడమన్నాడు. ఆయన మాట మన తప్పెటగుళ్లకు చక్కగా అతుకుతుంది. ఆలస్యంగా చేరినవాడికి పునరుక్తే గుమ్మం. రాగవిస్తారం వినడానికి కూర్చున్న సభలో మౌనానికి విలువుంది, అక్కడా తొడ మీద తాళం వేసే రసికులున్నారు. ఆ కొలతతో దీన్ని కొలవకూడదన్నదే నా వాదన.

నిజమైన నష్టం వేరేచోట జరుగుతోంది. 1963లో విశాఖ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక ఇక్కడి కథలకు రేడియో వేదికైంది. స్టూడియోలో జనం లేకపోయినా వంతలు ఉన్నారు కాబట్టి ఇంట్లో వినేవాడి తరఫున ‘ఊ’ కొట్టేవాళ్లు ఉన్నారు. ఇవాళ ఉత్సవ వేదికల మీద కథకుడికి పది నిమిషాలిచ్చి, వంతలను వెనక్కి నెట్టి, వాళ్ల మైకు తగ్గించేస్తున్నారు. అలా చేస్తే మిగిలేది వేషమూ వాద్యమే. శిక్షణ ఇచ్చే సంస్థలు కొత్తవాళ్లకు మొదట కథ కాదు, వంత నేర్పాలి. ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ అడ్డు తగలాలో, ఎక్కడ ఊరుకుని సభకు అవకాశమివ్వాలో రెండు మూడేళ్లు కథకుడి పక్కన నిలబడితేనే వంటబడుతుంది.