అంచుకు ముందే ఆగే కోడ్

చార్మినార్ పైఅంతస్తుకు మెలికలు తిరుగుతూ వెళ్లే ఇరుకు మెట్లు 149. ఎక్కిన ప్రతి మెట్టూ దిగేటప్పుడు మళ్లీ తొక్కాల్సిందే. తనను తానే పిలుచుకునే (రికర్షన్) ఫంక్షనూ అంతే. లోపలికి వెళ్లే ప్రతి పిలుపూ, తిరిగి రావాల్సిన చిరునామానూ తన లెక్కలనూ స్టాక్ అనే మెమరీ భాగం మీద పెట్టి మరీ వెళ్తుంది. కాకపోతే 1591లో దాన్ని కట్టిన మేస్త్రీలకు మెట్లెన్నో ముందే తెలుసు. వచ్చే డేటా ఎంత లోతుంటుందో ప్రోగ్రామరుకు తెలియదు.

జేసన్ అనే డేటా రూపంలో జాబితా లోపల జాబితా ఎంత లోతుకైనా పెట్టొచ్చు. దాన్ని చదివే పార్సర్ ఒక్కో లోపలి జాబితాకు తనను తాను మరోసారి పిలుచుకుంటుంది. ఎవరో పదివేల చదరపు బ్రాకెట్లు తెరిచి, ఒక్కటీ మూయకుండా పంపారనుకోండి. లినక్స్‌లో స్టాకుకు మామూలుగా దొరికేది 8 మెగాబైట్లే. అది దాటిన ప్రాసెస్ అక్కడికక్కడే చస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో నష్టం అంతటితో ఆగదు. ఒక ప్రాసెస్ అలా కూలితే, ఉమ్మడి మెమరీ పాడై ఉండొచ్చని మిగతా కనెక్షన్లన్నిటినీ తెంచేసి సర్వర్ మళ్లీ మొదలవుతుంది. ఒకరి డేటాకు ఊరంతా బలి.

దీనికి పోస్ట్‌గ్రెస్ వాళ్లు రాసుకున్న విరుగుడు ఫంక్షన్ పేరు చెక్ స్టాక్ డెప్త్. చాలాచోట్ల లోతును అంతస్తుల్లో లెక్కిస్తారు: పీహెచ్‌పీ జేసన్ డీకోడరు మామూలుగా 512 దగ్గర, రస్ట్‌లోని సెర్డే జేసన్ 128 దగ్గర ఆపేస్తాయి. ఒక్క పార్సర్‌కు ఆ లెక్క చాలు. డేటాబేసులో మాత్రం రకరకాల ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి, ఒక్కోటి స్టాకులో ఒక్కో మేర ఆక్రమిస్తుంది. అందుకే ఇక్కడ అంతస్తుల్ని వదిలేసి బైట్లనే కొలిచారు. ప్రాసెస్ మొదలైనప్పుడు స్టాక్ అడుగు చిరునామా ఒకటి గుర్తుపెట్టుకుంటారు. తర్వాత చాలాకాలం వాడిన పద్ధతి మరీ ముచ్చటైనది: ఫంక్షన్‌లో ఒక చిన్న వేరియబుల్ పెట్టి, దాని చిరునామాను అడుగు చిరునామా నుంచి తీసేయడం. వచ్చిన తేడాయే లోతు. కొన్ని యంత్రాల్లో స్టాక్ కిందికి, కొన్నిట్లో పైకి పెరుగుతుంది కాబట్టి తేడా రుణసంఖ్యైతే గుర్తు మార్చేస్తారు. ఒక తీసివేత, ఒక పోలిక. ఖర్చు దాదాపు లేనట్టే.

పరిమితి మామూలుగా 2 మెగాబైట్లు. పెంచుకోవచ్చు గానీ, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన హద్దుకు 512 కిలోబైట్లు ఇవతలే ఉండాలి. మించితే ఆ సెట్టింగునే ఒప్పుకోదు. లోతు మితిమీరితే ఆ ఒక్క క్వెరీ ఎర్రర్‌తో ఆగుతుంది, మిగతావాళ్ల పని సాగిపోతుంది. పరిమితి పెంచే ముందు ప్లాట్‌ఫాం హద్దు సరిపోతుందో లేదో చూసుకోమని ఆ ఎర్రర్‌తోపాటే సలహా కూడా వస్తుంది. ఎర్రర్ మెసేజీల్లో ఇంత మర్యాద అరుదు.

లోపం లేదని కాదు. రికర్షన్ రాసిన ప్రతిచోటా ఈ తనిఖీని మనిషే గుర్తుపెట్టుకుని పిలవాలి. మరిచిన చోట్ల తర్వాతెప్పుడో చేర్చిన సందర్భాలున్నాయి. అయినా గుడ్డిగా నమ్మకుండా పరీక్ష కూడా రాశారు: పరిమితిని 100 కిలోబైట్లకు తగ్గించి, సరిగ్గా పదివేల బ్రాకెట్లు వదిలి, ఎర్రర్ వస్తుందో లేదో చూస్తారు.

ఆ సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. రికర్షన్ రాసేవాళ్లు ఒక్కసారి ఆ చిన్న ఫంక్షన్ చదవండి, ఆ పదివేల బ్రాకెట్లను మీ ప్రోగ్రాముకూ ఇచ్చి చూడండి.