అడిగితే వచ్చేవాళ్లు

"బీ నెగెటివ్ అర్జెంటుగా కావాలి, అందరికీ ఫార్వర్డ్ చేయండి." వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్ కనిపించని రోజు ఉండదు. దాని కింద దండాల బొమ్మలు బారులు తీరతాయి. మెసేజ్ ఇంకో పది గ్రూపులకు పోతుంది. బ్లడ్ బ్యాంకు దగ్గర పేషెంటు తాలూకు మనిషి మాత్రం ఒంటరిగానే నిలబడి ఉంటాడు. అదే గ్రూపులో ఉన్న ఒక బీ నెగెటివ్ కుర్రాడికి నేరుగా ఫోన్ చేసి, "తమ్ముడూ, ఒకావిడకి ఎల్లుండి ఆపరేషన్. నీ గ్రూపే కావాలి. రేపు సాయంత్రంలోపు ఒకసారి రాగలవా?" అని అడిగి చూడండి. చాలాసార్లు వినిపించేది "వస్తానన్నా, లొకేషన్ పెట్టు" అన్న మాటే.

రక్తం ఇచ్చేవాళ్ల పేర్లు, గ్రూపులు రాసిపెట్టుకుని, అవసరం పడినప్పుడు ఫోన్లు చేయడం ఎన్నో ఏళ్లుగా నాకు అలవాటైన పని. మనుషులు ఒకరికొకరు ఎందుకు సాయపడతారన్న ప్రశ్నకు పుస్తకాలు చెప్పిన జవాబులను ఈ ఫోన్ల దగ్గరే సరిచూసుకుంటూ వచ్చాను. నాకు కుదిరిన నమ్మకం ఇది: మంచితనానికి మన చుట్టూ కొరత లేదు. ఫలానా మనిషిని, ఫలానా పనికి, నోరు తెరిచి అడిగేవాళ్లకే కొరత.

గ్రూపు మెసేజ్‌కి కదలనివాళ్లు విడిగా పిలిస్తే ఎందుకు కదులుతారో 1968లోనే జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగంలో చూపించారు. విద్యార్థులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల్లో మాట్లాడించారు. మధ్యలో ఒక గొంతు తడబడుతుంది, తనకు మూర్ఛ వస్తోందని, సాయం కావాలని అడుగుతుంది. అది ముందే రికార్డు చేసి పెట్టిన గొంతని వాళ్లకు తెలియదు. ఆ గొంతు తనొక్కడికే వినిపిస్తోందనుకున్నవాళ్లలో 85 శాతం మంది అది ఆగిపోయేలోపే లేచి వెళ్లారు. తనతో పాటు ఇంకొకరు వింటున్నారనుకుంటే 62 శాతం మందే లేచారు. మరో నలుగురు వింటున్నారనుకున్నప్పుడు అది 31 శాతానికి పడిపోయింది.

లేవనివాళ్లు రాతిగుండె మనుషులేమీ కారు. తర్వాత గదిలోకి వెళ్లి చూస్తే చాలామందికి చేతులు వణుకుతున్నాయి. అతనికేమీ కాలేదు కదా అని వాళ్లే ఆత్రంగా అడిగారు. బాధ ఉంది, జాలి ఉంది. వెళ్లాల్సింది తానేనన్న సంగతి మాత్రం తేలలేదు. పదిమందిదీ అయిన పని ఎవరిదీ కాకుండా పోయింది. ఫోన్ చేసి పేరు పెట్టి పిలిచినప్పుడు ఆ సందిగ్ధం తీరిపోతుంది. ఇప్పుడిది నా పని అని అవతలి మనిషికి తెలుస్తుంది.

పేరు పెట్టి పిలవడం ఎంత ముఖ్యమో, వ్యవధి ఇవ్వడం అంత ముఖ్యం. డార్లీయే డేనియల్ బాట్సన్‌తో కలిసి 1973లో ప్రచురించిన మరో ప్రయోగం ఈ సంగతి చెబుతుంది. ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ మతబోధకులు కావడానికి చదువుతున్న విద్యార్థులను ప్రసంగం చేయమని పక్క భవనానికి పంపారు. వాళ్లలో సగం మంది మాట్లాడాల్సింది దారిన పడి ఉన్న పరాయివాణ్ణి ఆదుకున్న బైబిల్లోని సమరయుని కథ గురించే. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి, దగ్గుతూ మూలుగుతూ ఉన్నాడు. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో 63 శాతం మంది ఆగి పలకరించారు. ఆలస్యమైపోయింది పరుగెత్తమని చెప్పి పంపినవాళ్లలో ఆగింది 10 శాతమే. దేని గురించి మాట్లాడబోతున్నారన్నది పెద్ద తేడా చూపలేదు. చేతిలో ఎంత సమయం ఉందన్నది చూపింది.

అందుకే "ఇప్పుడే, ఈ క్షణమే రావాలి" అనే ఫోన్లు వీలైనంత తగ్గించాలంటాను. మామూలుగా మనమిచ్చిన రక్తం నేరుగా పేషెంటుకు ఎక్కదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు అయ్యాకే బయటికి ఇస్తారు. ఎర్ర రక్తకణాలు కలిపిన ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. ఈ లెక్క తెలిసినవాడు ఆపరేషన్ తేదీ ఖరారు కాగానే అడుగుతాడు. రెండు రోజుల వ్యవధి ఉంటే, షిఫ్టు మార్చుకునైనా, పిల్లల్ని స్కూల్లో దింపేసైనా మనిషి వస్తాడు.

డబ్బు మాట మాత్రం ఎత్తకూడదు. ఒకప్పుడు రక్తం అమ్ముకుని బతికేవాళ్లు మన దేశంలో ఉండేవారు. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి ఆ పద్ధతిని నిషేధించారు. రక్తం సురక్షితంగా ఉండడానికి ఆ నిషేధం అవసరం. దాత మనసుకు సంబంధించిన కారణం ఇంకొకటి ఉంది. స్వీడన్‌లో ఇద్దరు ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన ప్రయోగంలో, డబ్బేమీ ఇవ్వం అన్నప్పుడు 52 శాతం మంది ఆడవాళ్లు రక్తదాతలు కావడానికి ముందుకు వచ్చారు. 50 క్రోనార్లు ఇస్తామంటే అది 30 శాతానికి తగ్గింది. ఆ డబ్బును ఏదైనా సేవాసంస్థకు ఇచ్చేయవచ్చు అన్నప్పుడు మళ్లీ 53 శాతానికి చేరింది. మగవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రేమతో ఇవ్వబోయేదానికి వెల కడితే కొందరికి మనసు విరుగుతుంది. దాతకు ఆటో ఏర్పాటు చేయడం, కాసేపు పక్కన కూర్చోవడం మర్యాద. చేతిలో నోటు పెట్టడం కాదు.

మొదటిసారి వచ్చేవాళ్లను నేను దగ్గరుండి చూసుకుంటాను. వేలికి సూదితో చిన్న పోటు పొడిచి, ఒక్క రక్తపు బొట్టును నీలంగా ఉన్న మైలుతుత్తం నీళ్లలో వదులుతారు. బొట్టు చటుక్కున మునిగితే హిమోగ్లోబిన్ సరిపోయినట్టు, తేలితే ఇంటికి వెళ్లి ఒంట్లో రక్తం పట్టాక రమ్మన్నట్టు. అప్పటిదాకా సెల్‌ఫోన్ చూసుకుంటున్న కుర్రాడు ఆ బొట్టు వైపే చూస్తాడు. మునిగాక వాడి ముఖంలో ఒక ధీమా కనబడుతుంది. తర్వాత మంచం మీద పడుకుని చేతిలో బంతి నొక్కుతుంటే, పక్కన ట్రేలో ఊగుతున్న సంచి నెమ్మదిగా నిండుతుంది. బరువును బట్టి 350 లేదా 450 మిల్లీలీటర్లు, అంతే. లేచి బిస్కెట్లు తిని, ఫ్రూట్ జ్యూస్ తాగుతూ, "మళ్లీ ఎప్పుడివ్వొచ్చన్నా?" అని అడుగుతాడు. మగవాళ్లయితే 90 రోజులకు, ఆడవాళ్లయితే 120 రోజులకు.

ఆ ప్రశ్నలోనే అసలు సంగతి ఉంది. రక్తదాతల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన జేన్ పిలియావిన్, పీటర్ కాలెరో 1991లో ఒక పుస్తకం తెచ్చారు. వాళ్లు చూసింది ఇది: మొదట్లో మనుషులు వచ్చేది ఎక్కువగా ఎవరో అడిగారని, తోడు వెళ్లామని. ఇస్తూ ఇస్తూ ఉండగా "నేను రక్తం ఇచ్చే మనిషిని" అన్నది తమ గురించి తాము అనుకునే మాటగా స్థిరపడుతుంది. ఆపైన ఒకరు పిలవాల్సిన పని ఉండదు. మంచి మనసుంది కాబట్టి సాయం చేస్తామనుకుంటాం. సాయం చేస్తూ పోగా మంచి మనసు గట్టిపడడమూ అంతే నిజం.

మరి మనం అడగడానికి ఎందుకంత మొహమాటపడతాం? ఒకరి ముందు చేయి చాచకూడదని పెరిగాం. కాదంటే పరువు పోతుందని భయం. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెస్సా లేక్ 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో, ముక్కూముఖం తెలియని ఐదుగురితో ఒక ప్రశ్నపత్రం నింపించాలంటే ఎంతమందిని అడగాల్సి వస్తుందని పాల్గొన్నవాళ్లను ముందుగా అడిగారు. దాదాపు 20 మందిని అనుకున్నారు. తీరా అడిగితే 10 మందితోనే పని అయిపోయింది. ఎదుటివాళ్ల మంచితనాన్ని మనం సగానికి సగం తక్కువ కడుతున్నాం.

తలసీమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. వేసవిలో కాలేజీలకు సెలవులొచ్చి శిబిరాలు తగ్గితే ఆ తల్లిదండ్రులు ఊరంతా తిరగాల్సి వస్తుంది. వాళ్ల కోసమైనా, ఏప్రిల్ ముగిసేలోపు మీకు తెలిసినవాళ్లలో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా రక్తం ఇవ్వని ఇద్దరిని ఎంచుకోండి. మెసేజ్ పెట్టకండి. ఫోన్ చేసి, పేరు పెట్టి పిలిచి, ఏ బ్లడ్ బ్యాంకో, ఏ రోజో చెప్పి, నేనూ వస్తాను పద అనండి.