“అరువది–అరువది” సూత్రము: ఒక పరిశీలన

చెవిలో ఇయర్‌ఫోను దోపుకొను విద్యార్థికి ఈనాడు పెద్దలు చెప్పు హితవు ఒకటి ఉన్నది: శబ్దమును 60 శాతము దాటనీయవద్దు, 60 నిమిషములకు మించి వినవద్దు. గుర్తుంచుకొనుటకు సులభమే. కాని భౌతికశాస్త్రము బోధించు నావంటివానికి వెంటనే కలుగు సందేహము: 60 శాతము దేనిలో?

శబ్దమును కొలుచుటకు మనకు డెసిబెల్ అను మానము కలదు. ఫోను తెరపై కనిపించు గీత అటువంటి మానము కాదు. అది మీట ఎంతవరకు జరిగినదో తెలుపు గుర్తు మాత్రమే. ఒకే గుర్తు వద్ద ఒక జత ఇయర్‌ఫోనులు 75 డెసిబెల్లు పలికిన, మరియొక జత 85 పలుకవచ్చును. ఆ తేడా స్వల్పముగా తోచును గాని శక్తిలో అది పదిరెట్లు.

ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియనును కలసి 2019లో ప్రకటించిన ప్రమాణము ఇంతకంటె మేలైనది. దాని ప్రకారము పెద్దలు వారమునకు 80 డెసిబెల్ల వద్ద 40 గంటలు వినవచ్చును. పిల్లలకు 75 డెసిబెల్లే. ప్రతి 3 డెసిబెల్లకు శక్తి రెట్టింపగును గనుక కాలము సగమగును. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10, 89 వద్ద 5. వారము మొత్తమును ఒక పద్దుగా లెక్కించుట ఇందలి సుగుణము. ఇంటిఖర్చు వ్రాసుకొనువారికెల్ల ఇది బోధపడును.

అయితే ఈ పద్దులో చేరని ఖర్చు ఒకటి ఉన్నది. జవహర్‌నగర్ నుండి బస్సులో ఉప్పల్ వైపు పోవు విద్యార్థిని చూడుడు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలలో పగటివేళ నివాసప్రాంతమునకు 55, పారిశ్రామిక ప్రాంతమునకు 75 డెసిబెల్లు పరిమితి. వీధిలో హాయిగా వినిపించిన పాట నాచారము పారిశ్రామికవాడ లారీల నడుమ మునిగిపోవును. విద్యార్థి తనకు తెలియకయే మీట పెంచును. 80 వద్దనున్న పాట 89కి చేరినదనుకొందము. రోజుకు రెండు గంటల ప్రయాణము, వారమునకు ఆరు రోజులు: పన్నెండు గంటలు. అనుమతి అయిదు గంటలే! పైగా ఫోను తన పాటనే లెక్కించును. చెవి పాటను, లారీ హారనును కూడ లెక్కించును.

ఉపాధ్యాయులు దీనిని పరీక్షింపవచ్చును. నిశ్శబ్దమైన గదిలో హాయిగా వినిపించు గుర్తును వ్రాసికొని, బస్సులో ఎక్కడికి పెంచితిమో చూచిన చాలును.

చెవిలో దూరు ఇయర్‌ఫోనులే చెడ్డవనుట కూడ సరికాదు. చెవిరంధ్రమును బిగువుగా మూయునవి బయటి రొదను తగ్గించును; తక్కువ శబ్దముతోనే పాట తెలియును. వదులుగా వ్రేలాడునవియే మీట పెంచుటకు ప్రేరేపించును. అట్లని బిగువైన వానితో రోడ్డు దాటుట ప్రమాదకరమని వేరుగ చెప్పనక్కరలేదు.

నత్తగుల్లవలె చుట్టుకొన్న లోపలిచెవిలో సుమారు పదునైదువేల రోమకణములు కలవు. మానవులలో ఇవి నశించిన మరల పుట్టవు. పాట ఆపిన తరువాత చెవిలో గుయ్యిమను మ్రోత వాని అలసటకు గుర్తు. నష్టము సాధారణముగా 4000 హెర్ట్‌జుల పరిసరముననే మొదలగును. అందుచేత మాట వినబడుచునే యుండును. అందలి “స”, “శ” వంటి సన్నని ధ్వనులే జారిపోవును. వెనుక బల్లపై కూర్చున్న పిల్లవాడు అడిగినదానికి వేరొకటి చెప్పినప్పుడు మనము అతని శ్రద్ధను అనుమానించెదము, చెవిని కాదు.