గోడా ఆటగాడే

వానాకాలం వస్తే మాకు ఆటస్థలం ఉండేది కాదు. పాతపట్నంలో మా బడి మైదానం ఆషాఢంలో బురదయిందంటే మళ్లీ కాలు పెట్టనిచ్చేది దసరాలకే. ఆ మధ్యలో మాకు దిక్కు ఒక రైసుమిల్లు గోదాము. పాత ధాన్యం ఆడించేసి, కొత్తది ఇంకా రాక, లోపల తవుడు వాసన తప్ప ఏమీ ఉండేది కాదు. కాపలా తాత చేతిలో బీడీకట్ట పెడితే తలుపు సందు తెరిచేవాడు. "ఒరే గుంటల్లారా, రేకులకి బంతి తగిలిందంటే మీ అయ్యలకి సెప్పేస్తాను" అని కేకేసి, గుమ్మంలో కూర్చుని తనే ఆట చూసేవాడు.

మా ఆట ఫుట్‌బాల్. నలుగురు ఇటు, నలుగురు అటు. రెండు గోనెసంచుల మధ్య గోలు. పర్లాకిమిడి నుంచి సైకిలు మీద ఒక కుర్రాడు వచ్చేవాడు. బక్కపలచన, పరుగు కూడా అంతంతే. మొదటిరోజే నన్ను వెర్రివాణ్ని చేశాడు. నేను అడ్డం వెళితే బంతిని నా పక్కనున్న గోడకేసి కొట్టి, తను నా రెండోవైపు నుంచి వచ్చి అందుకున్నాడు. గోడకి పాస్ ఇచ్చి, గోడ దగ్గరే పాస్ తీసుకున్నాడు! అది తొండి అని నేను గొడవపడ్డాను. తాత తీర్పు చెప్పాడు: "గోడ ఆడకూడదని ఎవుడన్నాడ్రా?"

ఆ తీర్పు మీదే అమెరికాలో ఒక లీగు నడిచిందని చాలా ఏళ్ల తరవాత చదివాను. 1978 డిసెంబరులో మేజర్ ఇండోర్ సాకర్ లీగ్ మొదలైంది. ఐస్ హాకీ హాళ్లలో నేలంతా కృత్రిమ పచ్చిక పరిచేవారు. చుట్టూ చెక్క గోడలు, గోలీతో కలిపి జట్టుకి ఆరుగురు. బంతి గోడకి తగిలినా ఆట ఆగదు. ఆ లీగుకి రారాజు స్టీవ్ జుంగుల్. యుగోస్లావియా తరఫున ఆడినవాడు, హైదుక్ స్ప్లిట్ క్లబ్బు మనిషి. సైన్యంలో చేరాల్సిన గడువు ముంచుకొస్తుంటే అమెరికా వెళ్లిపోయాడు. క్లబ్బు వదల్లేదు, ఫిఫా బయటి మైదానంలో ఆడనివ్వలేదు. నాలుగు గోడల మధ్య ఆట మాత్రం అప్పట్లో ఫిఫా చేతిలో లేదు. సరే, అక్కడే ఆడాడు. అతని జట్టు న్యూయార్క్ ఆరోస్ మొదటి నాలుగు టైటిళ్లూ గెలిచింది. 1980-81 సీజన్లో అతనివి 40 మ్యాచ్‌ల్లో 108 గోల్స్. ఆ లీగులో మొత్తం 652. తరవాత నిషేధం తొలగి ఆరుబయట ఆడితే, 1984లో అక్కడి లీగులోనూ ఉత్తమ ఆటగాడయ్యాడు. లోపల ఆడేవాడికి బయట ఆట రాదనుకునేవాళ్లకి ఇది కొంచెం ఇబ్బందికరమైన సంగతే.

గోడల మధ్య ఆడే ఈ వృత్తిలో తొంభై నిమిషాల ఓపిక ఎవరూ అడగరు. ఒకటి రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి పరిగెత్తి, బెంచీ మీదకొచ్చి కూలబడి, దమ్ము తీసుకుని మళ్లీ దిగడం. ఇంటికెళ్లాక తెలిసేది మోకాళ్ల సంగతి. ఆ పచ్చిక కింద మన్ను లేదు. పడితే చర్మం చీరుకుపోతుంది. గోదాము గచ్చు మీద మా మోచేతులూ అలాగే లేచిపోయేవి. అమ్మ పసుపు అద్దుతూ తిట్టే తిట్లు వేరే లెక్క.

లోకమంతా పాకింది మాత్రం గోడలు లేని ఫుట్సల్. 1930లో మోంటెవిడియోలో హువాన్ కార్లోస్ సెరియానీ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు దాన్ని కూర్చాడు. 40 మీటర్ల పొడవు, 20 వెడల్పు, జట్టుకి అయిదుగురు. బంతి చిన్నది, పెద్దగా ఎగరదు. బయటికి పోతే నాలుగు సెకన్లలో లోపలికి తన్నాలి. ఇక్కడ పని అరికాలిది. వచ్చిన బంతిని పాదంతో తొక్కిపట్టి, అదే కదలికలో పక్కకి దొర్లించాలి. ఆలోచన మాత్రం బంతి రాకముందే అయిపోవాలి.

ముందే ఆలోచించే ఈ విద్య మనవాళ్లకి కొత్తేం కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో మనకి స్వర్ణాలు తెచ్చిన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, బంతిని కాళ్ల దగ్గర నానబెట్టే అలవాటు మాన్పించడానికి డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు పెట్టేవాడు. ఆ చేతుల్లో తయారైనవాడే సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. సాధనకి వచ్చేందుకు సైకిలు అద్దెకని రహీం రోజుకో రూపాయి ఇచ్చేవాడట. రూపాయి సైకిలు మీద మెల్‌బోర్న్ ఒలింపిక్స్ దాకా వెళ్లాడు!

మరి ఈ ఫుట్సల్‌తో అన్నం తినడం సంగతి? 2016లో మన దేశంలో ప్రీమియర్ ఫుట్సల్ అనే లీగు వచ్చింది. రొనాల్డీన్యో గోవాకి ఆడి ఒకే మ్యాచ్‌లో అయిదు గోల్స్ కొట్టాడు. 2017లో తెలుగు టైగర్స్ అని మన పేరుతోనూ ఒక జట్టు దిగింది. మూడో సీజన్ రాలేదు. జుంగుల్ లీగు కూడా 1992లో మూతపడింది. మన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2021లో క్లబ్బులకి ఫుట్సల్ ఛాంపియన్‌షిప్ పెట్టింది, 2023లో దేశానికొక జట్టూ వచ్చింది. కానీ ఏడాదిలో కొద్ది రోజుల టోర్నమెంటు జీతం కాదు. మా గోదాము సీజన్ కూడా అంతే. కొత్త ధాన్యం బస్తాలు దిగిన రోజు తాత తలుపుకి తాళం వేసేవాడు. ఎంత బాగా ఆడేవాడైనా ఆ తాళం తియ్యలేడు. పర్లాకిమిడి కుర్రాడు మరుసటి ఏడు రాలేదు. ఏమయ్యాడో మేం అడగనూ లేదు.

మొన్న శ్రీకాకుళంలో మేనల్లుడు గంట లెక్కన అద్దెకిచ్చే టర్ఫుకి తీసుకెళ్లాడు. చుట్టూ, పైనా వల. ఎక్కువగా క్రికెట్టే. మధ్యలో ఖాళీ దొరికితే బంతి నా కాళ్ల ముందుకి తన్నాడు. ఎదురుగా వాడే నిలబడ్డాడు. ఇన్నేళ్ల తరవాత కూడా నా కాలు దానంతటదే పక్కకి తిరిగింది. బంతిని వాడి పక్కగా వలకేసి కొట్టి, ఆ రెండోవైపుకి పరిగెత్తాను.

వల బంతిని తీసుకుని కింద పడేసింది.

"మావయ్యా, ఎవరికిచ్చావు పాస్?" అన్నాడు వాడు.