హేమంతారంభం: పంచాంగం, కావ్యవర్ణన, వేకువపాట

తెలుగు సాహిత్యవిమర్శలో ఋతువర్ణనను గురించిన చర్చ చాలావరకు దృశ్యప్రధానమైనది. దండి కావ్యాదర్శం మహాకావ్యలక్షణాలలో ఋతువర్ణనను పేర్కొన్నది మొదలు, కవి ఏమి చూశాడు, ఎంత కొత్తగా చూశాడు అన్నదే విమర్శకులకు ముఖ్యమైంది. ఆముక్తమాల్యదలోని వర్షర్తువును గురించి వచ్చిన విస్తారమైన పరామర్శ ఇందుకు మంచి నిదర్శనం. ఋతువు ఎప్పుడు మొదలవుతుందన్న ప్రశ్న ఈ చర్చలో రాదు. రావలసిన అవసరమూ లేదు. కాళిదాసు ఋతుసంహారంలో హేమంతం నాలుగో సర్గ. సర్గ మొదలయ్యేసరికే హేమంతం వచ్చి ఉంటుంది. పాటకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. దానిని ఫలానా వేకువ నుంచి పాడాలి, ఫలానా పండుగతో ఆపాలి. కాబట్టి ఋతువు ఏ రోజున మొదలైందో పాట తేల్చుకోక తప్పదు. తెలుగునాట చలికాలపు పాటలను ఋతువర్ణనకు జానపదరూపంగా చదివే అలవాటు ఈ తేడాను గమనించలేదు.

మొదట కాలగణనను చూడాలి. చాంద్రమానం ప్రకారం మార్గశిర, పుష్య మాసాలు హేమంతం. మాఘ, ఫాల్గుణాలు శిశిరం. అధికమాసాల వల్ల మార్గశిర శుద్ధ పాడ్యమి ఏటేటా జరుగుతూ ఉంటుంది. 2022లో అది నవంబరు 24న వచ్చింది. ఆ ఏడాది శ్రావణం అధికమైనందున 2023లో డిసెంబరు 13న వచ్చింది. ధనుర్మాసం అలా కాదు. అది సౌరమానానికి చెందింది గనుక డిసెంబరు 16 ప్రాంతంలో నిలకడగా మొదలై మకరసంక్రమణంతో ముగుస్తుంది. అంటే పంచాంగం చెప్పే హేమంతానికీ పాట అందుకునే హేమంతానికీ నడుమ 2022లో మూడు వారాల ఎడం ఉండగా, మరుసటి ఏడాది అది నాలుగు రోజులకు మించలేదు. అయనచలనం వల్ల సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21 లేదా 22న అన్న సంగతిని కూడా కలుపుకుంటే, ఏడాదిలో అతి చిన్న పగలు ధనుర్మాసపు మొదటి వారంలోనే గడిచిపోతుంది.

ఈ గణనలతో పని లేకుండా రైతు తన కొలతను తాను ఏర్పరచుకున్నాడు. మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు, పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదు అన్న సామెతలలో చలి ప్రసక్తే లేదు. పని చేసుకోవడానికి దొరికే వెలుతురు ఎంత అన్నదే అక్కడి లెక్క. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న సామెత ఋతువు ముగింపును చెబుతుంది. ఆరంభాన్ని చలితో చెప్పే సామెత ఇంత ప్రచారం పొందకపోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. చలి ఒకనాడు మొదలయ్యేది కాదు, మెల్లగా ముదురుతుంది. దానికి తొలిరోజు అంటూ ఉండాలంటే ఎవరో ఒకరు ప్రకటించాలి.

ఆ ప్రకటన ఆంధ్రప్రాంతపు ఊళ్ళలో చెవికి చేరుతుంది. ధనుస్సంక్రమణాన్ని అక్కడ నెలగంట పెట్టడం అంటారు. పదవ్యుత్పత్తి ఏదైనా, వినేవారికి ఆ పేరులో గంట మోగకుండా ఉండదు. ఆ రోజు నుంచి నెత్తిన అక్షయపాత్రతో, చేత తంబురా చిడతలతో హరిదాసు వీధిలోకి వస్తాడు. వాకిట ముగ్గు నడుమ గుమ్మడిపువ్వు గుచ్చిన గొబ్బెమ్మలు వెలుస్తాయి. సన్నాయితో గంగిరెద్దు వస్తుంది. గంటతో జంగమదేవర వస్తాడు. వీరిలో ఎవరూ చలిని వర్ణించరు. హరిదాసు పాడేది హరికీర్తన. గొబ్బిపాటలో కృష్ణలీలలుంటాయి, కాపురాలుంటాయి, అన్నదమ్ములుంటారు. మంచు ఉన్నా అది పాటకు వస్తువు కాదు. సరిగ్గా ఇక్కడే ఋతువర్ణన అన్న చట్రం పనికిరాకుండా పోతుంది. గొబ్బిపాటలో హేమంతవర్ణన స్వల్పమని చెప్పడం, దీపంలో వెలుతురును గురించిన ప్రస్తావన లేదని చెప్పడం వంటిది. ఆ పాట వినబడటమే హేమంతం.

ఈ వేకువపాటకు సాహిత్యంలో ఉన్న ప్రధానాధారం భాగవత దశమస్కంధం. సంస్కృతమూలంలో శరత్తు వర్ణన విపులంగా ఉంది. హేమంతానికి వచ్చేసరికి వ్యాసుడు ఋతువు తొలిమాసమని ఒక్క మాటలో చెప్పి, నేరుగా గోపకన్యల కాత్యాయనీవ్రతంలోకి ప్రవేశిస్తాడు. వారు ఉషఃకాలంలో లేచి, ఒకరినొకరు పేర్లతో పిలుచుకొని, చేతులు కలిపి, కృష్ణుణ్ణి ఎలుగెత్తి పాడుతూ కాళిందికి స్నానానికి వెళతారు. పోతన ఈ ఘట్టానికి ముందు హేమంతవర్ణనను చేర్చాడు. తెలుగు కావ్యాభిరుచికి అది సహజమైన చేర్పే, పద్యాలూ అందమైనవే. అయితే దానివల్ల ఋతువుకూ వ్రతానికీ ఉన్న సంబంధం మారిందని గమనించాలి. మూలంలో అమ్మాయిలు లేచి పాడటంతోనే హేమంతం మనకు తెలుస్తుంది; తెలుగులో అది ముందుగా వచ్చి నిలిచి, వారి కోసం వేచి ఉంటుంది.

మూలంలోని ఆ పిలుపును నిలబెట్టినది తిరుప్పావై. ముప్పై పాశురాలలో ఆరు నుంచి పదిహేను వరకు పది పాశురాలు చెలులను నిద్రలేపడానికే వెచ్చించబడ్డాయి. నందగోపుని వాకిటికి చేరేది ఆ తరువాతే. తిరుమలలో ధనుర్మాసమంతా సుప్రభాతానికి బదులు తిరుప్పావైని పఠించడాన్ని ఈ దృష్టితో చూస్తే దాని అర్థం తేటపడుతుంది. సుప్రభాతం స్వామిని మేల్కొలిపే స్తోత్రం. తిరుప్పావై ముందు పక్కింటివారిని లేపి, వారితో కలిసి స్వామి దగ్గరకు వెళుతుంది. తెల్లవారడం ఆలస్యమై, పడక విడవడం కష్టమైన నెలలో ఎవరిని లేపాలన్న ప్రశ్నకు సంప్రదాయం ఇచ్చిన జవాబు అది. వీధిలో హరిదాసు చేసేదీ అదే పని.

మరి ఈ ఋతువుకు తగిన రాగం ఏది? హనుమన్మతానుసారులు ఆరు రాగాలను ఆరు ఋతువులకు పంచి, హేమంతానికి శ్రీరాగాన్ని, శిశిరానికి మాల్కౌఁస్‌ను కేటాయించారు. హిందుస్థానీ ఆచరణలో మల్హార్ వానకు, బహార్ వసంతానికి నేటికీ అంటిపెట్టుకొని ఉన్నాయి. కర్ణాటకసంగీతం ఋతురాగాలను అంతగా పట్టించుకోలేదు. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ తిరుప్పావైకి వరుసలు కట్టినప్పుడు తొలి పాశురానికి నాటను ఎంచుకున్నాడు. నాట హేమంతరాగం కాదు, కచేరీ ఆరంభానికి పేరుపడిన రాగం. ఆ ఎంపికలో ఋతుభావం కంటే ప్రారంభభావం ముఖ్యమైంది. భూపాలం, బౌళి వంటి మేలుకొలుపు రాగాలకూ ఇదే వర్తిస్తుంది: అవి వేళకు చెందినవి, ఋతువుకు కావు. దక్షిణాదిన చలికాలపు సంగీతమంటే తెల్లవారుజాము సంగీతమే.

మద్రాసు డిసెంబరు ఉత్సవం దీనికి మినహాయింపులా కనిపిస్తుంది. 1927 డిసెంబరులో అక్కడ జరిగిన కాంగ్రెసు మహాసభతో పాటు అఖిలభారత సంగీతసభ ఏర్పాటైంది. మరుసటి ఏడాది మ్యూజిక్ అకాడమీ వెలిసింది. ఆ తేదీని నిర్ణయించినది ఇంగ్లీషు క్యాలెండరు. సాయంకాలపు కచేరీలలో త్యాగరాజు కీర్తనలు తెలుగులోనే మోగుతాయి గాని, వాటిని ఋతువును బట్టి ఎంచుకోరు. త్యాగరాజ ఆరాధన మళ్ళీ తిథిని అనుసరిస్తుంది. పుష్య బహుళ పంచమి 2023లో జనవరి 11న, ధనుర్మాసంలోనే వచ్చింది. 2024లో జనవరి 30న, హరిదాసు వెళ్ళిపోయిన రెండు వారాలకు వచ్చింది. అప్పటికి పంచాంగంలో హేమంతం ఇంకా పది రోజులు మిగిలి ఉంది.

ఈ పరిశీలనను తెలుగు ప్రాంతాలన్నిటికీ సమానంగా వర్తింపజేయడం తొందరపాటు. తెలంగాణలో స్త్రీల సామూహికగానానికి పతాకసన్నివేశం బతుకమ్మ. అది ఆశ్వయుజంలో, శరత్తులోనే ముగుస్తుంది. అక్కడి చలికాలం మరో విధంగా వినబడుతుంది. దానిని గొబ్బి నమూనాతో కొలవకుండా విడిగా అధ్యయనం చేయాలి.

గొబ్బిపాటలను సంక్రాంతి పాటలన్న శీర్షిక కింద పండుగపాటలుగా వర్గీకరించే పద్ధతిని మాత్రం పునఃపరిశీలించక తప్పదు. ఆ శీర్షిక నెలరోజుల పాటను మూడు రోజులకు కుదిస్తుంది. ఏ పాటను నెల పట్టిననాడు అందుకుంటారు, ఏది భోగి ముందు పాడుతారు, ఏ వేళకు పాడుతారు అన్న వివరం పాఠం పక్కన చేరితేనే అది ఋతువుకు చెందిన పాటగా నిలుస్తుంది. ముగింపు తేదీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. పాట సంక్రాంతితో ఆగినా, ఆ గొబ్బెమ్మలను పిడకలుగా ఎండబెట్టి దాచి, రథసప్తమినాడు వాటి మంట మీద పరమాన్నం వండే ఇళ్ళున్నాయి. అప్పటికి మాఘం వచ్చి, పంచాంగం శిశిరమని రాసి ఉంటుంది.