రెండు దారుల బండికి సరైన ఇరుసు

మంచిర్యాల జిల్లా బొగ్గు గనుల ప్రాంతంలో ఒకే బండి రెండు రకాల దారుల మీద పనిచేయవలసి వస్తుంది. శ్రీరాంపూర్, ఇందారం, మందమర్రి ఓపెన్‌కాస్టు గనులలో టిప్పరు నిండు బరువుతో వాలు ఎక్కాలి, వానాకాలంలో రేగడి బురదా బొగ్గు పొడీ కలిసిన జారుడు నేల మీద పట్టు తప్పకుండా నడవాలి. గని గేటు దాటాక అదే టిప్పరు బొగ్గును నలగ్గొట్టి వ్యాగన్లకు ఎక్కించే సీహెచ్‌పీ వైపో, జైపూర్ మండలంలోని 1200 మెగావాట్ల సింగరేణి తాప విద్యుత్ కేంద్రం వైపో తారురోడ్డు వేగంతో సాగాలి. ఈ రెండు పనులకూ కుదిరే వెనక ఇరుసును ఎంచుకోవడం, ఎంచుకున్నదాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించడం లారీ మెకానిక్కులు చేతి అభ్యాసంతో నిలబెట్టుకుంటూ వస్తున్న విద్య.

కార్ల లోకంలో ఇదే ప్రశ్న డ్రాగ్ రేసుల దగ్గర ఎదురవుతుంది. నిలిచిన చోటి నుంచి బయలుదేరి పావు మైలు, అంటే 402 మీటర్ల తిన్నని దారిని అతి తక్కువ సమయంలో దాటడమే డ్రాగ్ రేసు. 1951లో అమెరికాలో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఏర్పడి ఈ పోటీలను వీధుల నుంచి ప్రత్యేక ట్రాకుల మీదికి మళ్లించింది. మన దేశంలో మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీ రన్‌వే మీదా, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీదా ఇలాంటి పోటీలు జరిగాయి. వారమంతా రోడ్డు మీద నడిచి, పోటీనాడు ట్రాకు మీదికి వెళ్లే, వెనక చక్రాలకు శక్తి అందే కారుకూ, గనిలోనూ రహదారిలోనూ తిరిగే టిప్పరుకూ బరువులో పోలిక లేకపోయినా, ఇరుసు ఎంపికలో పాటించవలసిన సూత్రాలు మాత్రం ఒక్కటే.

ఇంజిన్ శక్తి గేరుబాక్సు నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు మీదుగా వెనకకు వచ్చి, హౌసింగ్ అనే ఉక్కు తొడుగులో ఉన్న పినియన్ అనే చిన్న పళ్లచక్రాన్ని తిప్పుతుంది. దానితో కరుచుకొని తిరిగే పెద్ద పళ్లచక్రమే క్రౌన్. ఈ జత శక్తిని అడ్డదిశకు మళ్లిస్తుంది, వేగాన్ని తగ్గించి ఆ మేరకు లాగుడు బలాన్ని పెంచుతుంది. క్రౌన్‌కు బిగించిన పెట్టెలో ఉండే చిన్న పళ్లచక్రాల అమరికను డిఫరెన్షియల్ అంటారు. ఎద్దుబండిలో కదలని ఇరుసు మీద రెండు చక్రాలూ దేనికది తిరుగుతాయి కనుక మలుపులో చిక్కు లేదు. మోటారు బండిలో చక్రాలను తిప్పేదే ఇరుసు కనుక, మలుపులో ఎక్కువ దూరం తిరగవలసిన బయటి చక్రానికి ఎక్కువ వేగం, లోపలి చక్రానికి తక్కువ వేగం ఇచ్చే ఏర్పాటు అవసరమైంది. ఫ్రాన్సుకు చెందిన ఒనేసిఫోర్ పెక్యూర్ 1827లో ఆవిరి బండి కోసం ఈ ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు.

ఎంపికలో మొదట చూడవలసింది ఇంజిన్ బలం కాదు, టైరుకు నేల మీద ఉండే పట్టు. ఇంజిన్ ఎంత బలమైనదైనా టైరు జారిపోతే ఇరుసు మీద పడే భారం స్వల్పమే. టైరు నేలను గట్టిగా పట్టుకున్నప్పుడే ఆ బలమంతా పినియన్ పళ్ల మీదా, చక్రానికి శక్తినిచ్చే యాక్సిల్ షాఫ్టు మీదా పడుతుంది. మామూలు రోడ్డు టైర్లతో ఏళ్ల తరబడి చెక్కుచెదరని కారు ఇరుసు, చారలు లేని మెత్తటి రేసు టైర్లు తొడిగిన నాడు మొదటి పరుగులోనే విరగడానికి కారణం ఇదే. బురదలో గిరగిరా తిరుగుతున్న టిప్పరు చక్రం ఒక్కసారిగా గట్టి నేలను అందుకున్నప్పుడు షాఫ్టు తెగడానికి కారణమూ ఇదే. అందువల్ల ఏ టైరు, ఎంత బరువు, ఏ నేల అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతే మిగిలిన లెక్కలు మొదలుపెట్టాలి.

ఆ లెక్కలలో మొదటిది రేషియో, అంటే క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చే సంఖ్య. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 7 ఉంటే రేషియో 5.86, పినియన్‌కు 6 మాత్రమే ఉంటే 6.83. రెండవదానిలో లాగుడు బలం దాదాపు 17 శాతం పెరుగుతుంది, ఆ మేరకు వేగం తగ్గుతుంది. ఒక్క చుట్టుకు సుమారు 3.2 మీటర్లు దొర్లే లారీ టైరుతో, టాప్ గేరులో ఇంజిన్ నిమిషానికి 2400 చుట్లు తిరిగితే, 5.86 రేషియో బండి గంటకు 78 కిలోమీటర్లకు పైగా వెళుతుంది, 6.83 బండి 67 దగ్గర ఆగుతుంది. గని వాలు ఎక్కడమే ప్రధానమైన బండికి రెండవదీ, ఎక్కువ దూరం రహదారి మీద తిరిగే బండికి మొదటిదీ తగినవి.

కారులోనూ ఇదే గణితం పనిచేస్తుంది. 28 అంగుళాల టైరు ఉన్న కారు పావు మైలు చివర గంటకు 180 కిలోమీటర్ల వేగం అందుకుంటుందని అనుకుంటే, ఇంజిన్, ప్రొపెల్లర్ షాఫ్టు ఒకే వేగంతో తిరిగే సమాన గేరులో 3.08 రేషియోతో ఇంజిన్ సుమారు 4,140 చుట్ల దగ్గరే ఉండిపోయి తన పూర్తి బలాన్ని చూపలేదు, 4.10తో 5,500కు, 4.56తో 6,120కి చేరుతుంది. అయితే ఊరి నుంచి ఊరికి 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లేటప్పుడు 4.56 రేషియో ఇంజిన్‌ను 3,400 చుట్లు తిప్పుతూ డీజిలునో పెట్రోలునో వృథా చేస్తుంది, ప్రయాణమంతా హోరు తప్పదు. 4.10 రేషియోకు, ఇంజిన్ ఒక చుట్టు తిరిగేలోపు ప్రొపెల్లర్ షాఫ్టు ఒకటి కంటే ఎక్కువ చుట్లు తిరిగే ఓవర్‌డ్రైవ్ గేరు 0.70ది తోడైతే, అదే వేగం వద్ద ఇంజిన్ సుమారు 2,140 చుట్లకు దిగివస్తుంది. రెండు పనుల కారుకు ఇలాంటి మధ్యేమార్గమే మేలైనది.

రెండవ లెక్క డిఫరెన్షియల్ రకానికి సంబంధించింది. సాధారణ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన లాగుడే ఇస్తుంది కనుక, ఒక చక్రం బురదలో జారితే దానికి చాలినంత స్వల్ప బలమే గట్టి నేల మీది చక్రానికీ అందుతుంది, బండి కదలదు. ఈ లోపాన్ని దిద్దడానికి అనేక మార్గాలు పుట్టాయి. లిమిటెడ్ స్లిప్ రకంలో క్లచ్ పలకల ఒరిపిడి రెండు చక్రాల వేగభేదాన్ని అదుపు చేస్తుంది. పలకలు అరిగినప్పుడు మార్చుకోవాలి, తగిన ఆయిల్ వాడాలి. పళ్లచక్రాల ఒరిపిడితోనే పనిచేసే టార్సెన్ రకం మలుపులలో మృదువుగా నడుస్తుంది, కానీ ఒక చక్రం పూర్తిగా గాలిలోకి లేచినప్పుడు దాని శక్తి సన్నగిల్లుతుంది. లాకర్ రకం అవసరమైనప్పుడు రెండు చక్రాలనూ పూర్తిగా కలిపివేస్తుంది. స్పూల్ అనేదానిలో డిఫరెన్షియలే ఉండదు, రెండు షాఫ్టులూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. ట్రాకు మీద తిన్నగా పరుగెత్తడానికి ఇది ఉత్తమమైనా, రోడ్డు మలుపులలో టైర్లను ఈడ్చి అరగదీస్తుంది, షాఫ్టులను మెలిపెడుతుంది కనుక రోడ్డు కారుకు పనికిరాదు. అందువల్ల రెండు దారుల కారుకు మంచి లిమిటెడ్ స్లిప్ రకమే తగినది.

టిప్పరులో ఈ పనిని డ్రైవరు చేతి మీటతో వేసే డిఫ్ లాక్ చేస్తుంది. వెనక రెండు ఇరుసులకూ శక్తి అందే పదిచక్రాల బండిలో ఆ ఇరుసుల మధ్య కూడా ఒక డిఫరెన్షియల్ ఉంటుంది, దానికీ లాక్ ఉంటుంది. బండి నిలిచి ఉన్నప్పుడో, చక్రం జారడం మొదలుకాకముందో లాక్ వేసి, గట్టి నేల రాగానే తీసివేయాలన్న నియమం ఎంతో విలువైనది. జారుతున్న చక్రం మీద లాక్ వేసినా, తారురోడ్డు మలుపులో తీయడం మరిచినా పళ్లు విరిగే ప్రమాదం ఉంది.

మూడవది నిర్మాణబలం. కార్ల ఇరుసులో సాధారణంగా షాఫ్టు చక్రాన్ని తిప్పడంతోపాటు బండి బరువునూ మోస్తుంది. లారీలలో ఉండే ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసులో బరువును హౌసింగ్ చివరి బేరింగులు మోస్తాయి, షాఫ్టుకు తిప్పే పని మాత్రమే ఉంటుంది కనుక తెగిన షాఫ్టును దారి పక్కనే బయటకు లాగి మార్చవచ్చు. గనుల కోసం తయారైన కొన్ని టిప్పర్లలో హబ్ రిడక్షన్ అనే ఏర్పాటు చక్రం దగ్గరే మరోసారి వేగాన్ని తగ్గిస్తుంది కనుక క్రౌన్ మీదా, షాఫ్టు మీదా భారం తేలికపడుతుంది. డ్రాగ్ కార్లలో 1957లో వచ్చిన ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసు నేటికీ పేరు నిలుపుకోవడానికి కారణం, దాని పినియన్‌ను ముందు రెండు బేరింగులతోపాటు కొనవైపు మూడవ బేరింగు కూడా పట్టి ఉంచడమే. భారం పడినప్పుడు పినియన్ క్రౌన్ నుంచి పక్కకు ఒరిగిపోదు.

వీటన్నిటినీ సార్థకం చేసేది బిగింపు. క్రౌన్, పినియన్ కర్మాగారంలో ఒకదానితో ఒకటి నూరి తయారైన జత కనుక, ఒకటి చెడితే రెండూ మార్చాలి. పినియన్ ఎంత లోపలికి ఉండాలో షిమ్ములు అనే పల్చటి రేకులతో నిర్ణయిస్తారు, బేరింగులకు కొద్దిపాటి ముందస్తు బిగువు ఇస్తారు, క్రౌన్, పినియన్ పళ్ల మధ్య సందును కొలుస్తారు. ఆ సందు కారు ఇరుసులో సాధారణంగా 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. తరువాత పళ్లకు రంగు పూసి తిప్పి, పంటి మీద పడిన అచ్చును చదువుతారు. అచ్చు పంటి కొనవైపు పడితే పినియన్ క్రౌన్‌కు దూరంగా ఉందనీ, పంటి మొదలువైపు పడితే మరీ దగ్గరైందనీ అర్థం. పంటి నడుమ పడినప్పుడే పని పూర్తయినట్టు. బండి నడిచేటప్పుడు వచ్చే శబ్దం కూడా అనుభవజ్ఞుడికి జాడ చెబుతుంది: లాగుడులో ఊళ వస్తే క్రౌన్, పినియన్ కలయికనూ, యాక్సిలరేటరు వదిలి నొక్కినప్పుడు టక్కుమంటే ఎక్కువైన సందునూ, మలుపులలో మాత్రమే శబ్దం వస్తే డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్లచక్రాలనూ అనుమానించాలి.

ఒక చుక్క వెల్డింగుతో డిఫరెన్షియల్‌ను శాశ్వతంగా కట్టివేయడం, పాత క్రౌన్‌కు కొత్త పినియన్ జతచేయడం, గేర్ ఆయిల్‌ను నల్లబడి నీరు కలిసిన తరువాత కూడా మార్చకపోవడం చౌకగా కనిపించే నష్టాలు. బండి నిర్మాణాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది, రోడ్ల మీద అనుమతి లేకుండా బండ్ల పందేలలో పాల్గొనడం 189వ సెక్షన్ కింద శిక్షార్హమైన నేరం. కనుక వేగం పరీక్షించదలచిన యువకులు అనుమతి ఉన్న ట్రాకుకే వెళ్లాలి, మంచిర్యాల రహదారులను పందెపు దారులుగా మార్చకూడదు. పినియన్ అచ్చును చదివే నేర్పు, షిమ్ముల లెక్క, పట్టు చూసి ఇరుసును ఎంచుకునే వివేకం జిల్లాలోని ఐటీఐలలో మెకానిక్ మోటార్ వెహికల్ విద్యార్థులకు అనుభవజ్ఞులైన మెకానిక్కుల చేతుల మీదుగా అందాలి. బొగ్గు బండ్లు నడిచినంత కాలం, ఆ తరువాత వేరే బండ్లు వచ్చినా, బరువు మోసే ప్రతి చక్రానికీ ఈ విద్య అవసరమే.