ఓడలన్నీ గీయకూడదు

2016 ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగినప్పుడు ఆర్‌.కె.బీచ్‌లో కూర్చుని నేనూ ఓ వాటర్‌కలర్‌ వేశాను. కనబడిన ఓడనల్లా పెన్సిల్‌తో గీసి, పొల్లుపోకుండా రంగు నింపాను. ఇంటికొచ్చి చూసుకుంటే తిరనాళ్లలో బొమ్మల కొట్టులా ఉంది. ఓడలున్నాయి, సముద్రం లేదు.

నా తప్పేమిటో విలియం లయొనెల్‌ వైలీ బొమ్మలు చూశాక తెలిసింది. 1851లో లండన్‌లో పుట్టిన ఈయన పద్దెనిమిదేళ్లకే రాయల్‌ అకాడమీ టర్నర్‌ పతకం అందుకున్నాడు. ‘గ్రాఫిక్‌’ పత్రికకు ఓడల బొమ్మలు వేసేవాడు. పడవ నడపడం వచ్చినవాడు కాబట్టి ఏ తాడు లాగితే ఏ తెరచాప తిరుగుతుందో ఆయన చేతులకు తెలుసు.

అంత తెలిసినవాడు నీటిరంగుల్లో నౌకాదళాన్ని వేసేటప్పుడు ఎంత వదిలేస్తాడో చూడాలి! ముందున్న ఓడకే స్తంభాలు, పొగగొట్టాలు, ఫిరంగులు. దాని వెనకదానికి పల్చటి బూడిదరంగు పూత. ఆ వెనకవి తడి ఆరీ ఆరని మరకలు. ఆకాశం తడిగా ఉండగానే కుంచె తాకించి వదిలితే బొగ్గుపొగ తనంతట తనే విచ్చుకుంటుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే మాత్రం అంచు కట్టేస్తుంది, ఇక ఎంత తుడిచినా పోదు. అలల మీద మెరుపు కావాలంటే అక్కడ కాగితాన్ని ముట్టుకోకూడదు. నాకు చేతకానిది అదే. ఖాళీ కనిపిస్తే చాలు, చెయ్యి దురద పెడుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయన ఇద్దరు కొడుకుల్ని మింగేసింది. అయినా కుంచె దించలేదు. బ్రిటిష్‌ నౌకాదళ సేనాని నెల్సన్‌ ఓడ ‘విక్టరీ’ని కాపాడాలని పోరాడాడు. ఎనభైకి దగ్గరపడ్డాక 42 అడుగుల ట్రఫాల్గర్‌ నౌకాయుద్ధ చిత్రం పూర్తిచేశాడు. పోర్ట్స్‌మత్‌లో ఇప్పటికీ ఉంది. గొప్పదే, కాదనను. నాకు మాత్రం ఆయన జానెడు నీటిరంగు బొమ్మే ఎక్కువ.

1931లో పోయాడు. శవపేటికను పడవలో ఉంచి, పోర్ట్స్‌మత్‌ రేవు మీదుగా తెడ్లు వేసుకుంటూ తీసుకెళ్లారు. దారిలో యుద్ధనౌకలు జెండాలు దించాయి.

మొన్న ఆదివారం మళ్లీ బీచ్‌కి వెళ్లి కూర్చున్నాను. ఈసారి మూడే ఓడలు వేశాను. మూడోది ఎక్కువైంది.